తాళానికి బొట్టు పెట్టిన ఇస్తారి

గల్ఫ్‌లోని ఇబ్రా ఊళ్లో తలుపులూ కిటికీలూ చేసే అల్యూమినియం వర్క్‌షాపు ఒకటుంది. అందులో ఇస్తారి పదకొండేళ్లు చేసిన పని ఒక్కటే, మోత. రెండద్దాల కిటికీ అంటే తేలికనుకునేరు! అద్దం వెనక అద్దం, నడుమ వేలెడు సందు, చుట్టూ చట్రం. ఒక్కో రెక్క ఎదిగిన మేకపోతంత బరువు. వాటిని వీపు మీద పెట్టుకుని మెట్లెక్కడం, మిస్త్రీ స్క్రూలు బిగించేదాకా కదలకుండా పట్టుకుని నిలబడటం, అదీ అతని డ్యూటీ. జగిత్యాల వైపు మనిషి, బక్కపలచన, మీసం మాత్రం ఇద్దరికి సరిపోయేంత.

చేతులకు తీరిక లేకపోయినా కళ్లు ఖాళీయే కదా. మిస్త్రీ ఏ స్క్రూ ఎటు తిప్పుతున్నాడో అన్నీ చూసి పెట్టుకున్నాడు. ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సాయంత్రం రూమ్‌కు వచ్చాక వర్క్‌షాపు వెనక ఖాళీ గమ్ము డబ్బాల్లో వేసిన గోంగూరకు నీళ్లు పోసుకుంటూ, చూసినదంతా మనసులో మళ్లీ బిగించి విప్పుకునేవాడు.

ఈ మార్చిలో మిస్త్రీ తమ్ముడి పెళ్లికి ఇండియా వెళ్లాడు. ఫోర్‌మన్ ఇస్రార్‌కు వేరే దారి లేక పనిముట్ల సంచి తెచ్చి ఇస్తారి చేతికిచ్చాడు. ఇస్రార్‌ది బోధన్. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో తిట్టడం అతని అలవాటు.

మూడు వారాలు బాగానే గడిచాయి. నాలుగో వారం సీతాదేవి గారి కిటికీ వచ్చి పడింది.

సీతాదేవిది కాకినాడ. భర్త రామ్మోహన్ ఇక్కడ ఇంజనీరు. మూడో అంతస్తులో కాపురం. వాళ్ల హాలు కిటికీ తాళం పడదు. పిడి తిరుగుతుంది, రెక్క మాత్రం మళ్లీ తెరుచుకుంటుంది. గాలి లేచిందంటే ఈల వేస్తుంది, సోఫా నిండా ఇసుక. మిస్త్రీ ఊరికి వెళ్లేముందు ఓసారి తాళం మార్చాడు, పది రోజులకే పాడైంది. ఇస్రార్ స్వయంగా వెళ్లి ఇంకోటి మార్చాడు. అదీ వారమే.

"అరె మియా," అన్నాడు ఇస్రార్ బుధవారం పొద్దున, కొత్త తాళం పెట్టె బల్ల మీద పడేసి. "ఇది మూడోది. మళ్ల ఆ ఇంటి నుంచి ఫోనొచ్చిందనుకో, సంచి నాకిచ్చేసెయ్. దుక్మ్ సైట్‌ల మోసెటోళ్లు కావాలంటున్నరు. శనివారం బండి పోతది, నువ్వు అండ్ల ఉంటవ్."

దుక్మ్ అంటే సముద్రం పక్కన ఉప్పుగాలి, కంటైనర్ రూములు, మళ్లీ మోత. పదకొండేళ్ల తరువాత చేతికొచ్చిన సంచి నెల తిరక్కుండానే పోతుందా?  ఇస్తారి పెట్టె తీసుకుని బయల్దేరాడు.

బిల్డింగ్ గేటు దగ్గర వాచ్‌మన్ దస్తగిర్ కుర్చీ నీడలోకి జరుపుకుంటున్నాడు. కడప మనిషి, మాట దొరికితే వదలడు.

"యాడికన్నా, మూడో అంతస్తుకేనా? పో పో. ఈ బిల్డింగు సంగతి నాకే అర్థం కాకుండా ఉండాది. వాన పడనే పడదా, అట్లాంటిది మొన్న నా నెత్తిన మిరపకాయ పడింది."

"మిర్పకాయా?"

"అవునప్పా. తడిగా ఉండాది. పైకి చూస్తే కాకి గూడా లేదు."

ఇస్తారి నవ్వేసి మెట్లెక్కాడు.

సీతాదేవి తలుపు తీస్తూనే అందుకుంది. "రావయ్యా రా. ఈసారి నువ్వా? ఇద్దరయ్యారు, నువ్వు మూడో వాడివి. ఆ తాళాలు మీరు ఏ సంతలో కొంటున్నారో గానీ, మా పుట్టింట్లో చెక్క గడియ యాభై ఏళ్లు నిలిచింది."

"జర నన్ను జూడనియ్యుండ్రమ్మా," అని అతను కిటికీ ముందు కూర్చున్నాడు. పెట్టె విప్పలేదు. రెక్క తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. రెక్క అంచున గుండ్రటి మొలలు రెండున్నాయి. పిడి తిప్పితే అవి జరిగి చట్రంలోని గుంతల్లో దూరాలి. దూరడం లేదు. తాళం లోపల పళ్లు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. మరి మొలలు ఎక్కడ తగులుతున్నట్టు? సుద్ద రాసి చూద్దామంటే చట్రమూ తెలుపే, సుద్దా తెలుపే.

"అమ్మా, ఇంట్ల కుంకుమ ఉంటె చిటికెడు ఇయ్యుండ్రి. ఒక్క సుక్క నూనె."

సీతాదేవి వింతగా చూసి, పూజగదిలోంచి భరిణె తెచ్చింది. ఇస్తారి కుంకుమ నూనెలో రంగరించి, మొలలకు ఒక్కొక్క బొట్టు పెట్టాడు.

"అయ్యో రామా! తాళానికి పూజ చేస్తున్నావా? కొబ్బరికాయ కూడా తేనా?"

"అది అక్కరలేదమ్మా," అన్నాడు ఇస్తారి నవ్వకుండా. రెక్క గట్టిగా మూసి, పిడి తిప్పి, మళ్లీ తెరిచాడు. "గిటు రాండ్రి. ఎర్రగ ఏడ అంటిందో జూడుండ్రి."

ఆమె కళ్లజోడు సర్దుకుని వంగింది. ఎర్ర మచ్చ గుంతలో లేదు. గుంతకు బియ్యపుగింజంత కిందుగా, చట్రం మీద అంటుకుని ఉంది.

"తాళం మంచిగనె ఉన్నది. రెక్కనె జారింది. అందుకె ఎన్ని తాళాలేసినా గిట్లనె."

"ఊరికే ఎందుకు జారుతుందయ్యా?"

అదే అతనికీ కావాలి. కొత్త బిల్డింగు, రెక్కను చట్రానికి పట్టి ఉంచే బలమైన మడతబందులు. ఏదో బరువు పడితే తప్ప జారవు. కింది బందు మీద తెల్లగా పొక్కు కట్టి ఉంది. వేలితో గీకి, నాలుకకు తగిలించుకున్నాడు. ఉప్పగా ఉంది, వెనకే పులుపు. పిడి మెడ చుట్టూ ఒరుసుకున్న గీతలు. ఎదుటి రెక్క పిడికీ అవే గీతలు. చట్రం కింది గాడిలో ఒక మిరపగింజ.

దస్తగిర్ నెత్తి గుర్తుకొచ్చింది.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "సల్లమిర్పకాయలు ఈడ్నె ఎండబెడ్తున్నరా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"నాలిక జెప్పింది."

సీతాదేవి ముందు కొంగు సర్దుకుంది, తరువాత ఫ్యాన్ వైపు చూసింది, ఆఖరికి నవ్వేసింది. సంగతి ఇదీ. రెండు రెక్కలూ బయటికి బార్లా తెరిస్తే పిడులు ఎదురెదురుగా వస్తాయి. వాటి మీద కర్టెన్ కర్ర అడ్డంగా పెట్టి, పాత నేతచీర ఉయ్యాలలా కట్టి, మజ్జిగలో ఊరిన మిరపకాయలు నాలుగైదు కిలోలు అందులో పరిచేది. మధ్యాహ్నపు ఎండ ఆ కిటికీకి తిన్నగా తగులుతుంది. ఇబ్రాలోని తెలుగువాళ్లందరికీ ఆ కాయలే వెళ్లేవి. ఎక్కడ ఎండబెడుతుందో మాత్రం ఇంట్లో మొగుడికి కూడా చెప్పలేదు.

"కిటికీలకు ఏం వేలాడదీయొద్దని కింద బోర్డు పెట్టిన్రు గదమ్మా."

"బట్టలు వేలాడదీయొద్దని రాశారు. మిరపకాయలని రాశారా?"

"వంగి పరిచేటప్పుడు మీరు జారితె? మూడంతస్తులు."

సీతాదేవి కిటికీలోంచి కిందికి తొంగిచూసి, ఒకడుగు వెనక్కి వేసింది.

ఇస్తారి పెట్టె పక్కకు నెట్టి, సంచిలోంచి ఆరు పలకల తాళంచెవి లాంటిది తీశాడు. బందులోని స్క్రూను అర చుట్టు తిప్పి, రెక్కను భుజంతో ఎత్తి, మళ్లీ పావు చుట్టు తిప్పాడు. పదకొండేళ్లు మోసిన భుజం కదా, ఎంత లేచిందో దానికే తెలుసు. రెండో రెక్కకూ అంతే. మళ్లీ బొట్టు పెట్టి మూశాడు. ఈసారి ఎరుపు గుంత నడుమ అంటింది. పిడి వెన్నలా తిరిగింది. వీధిలోని బండ్ల మోత ఠక్కున ఆగిపోయింది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అంది సీతాదేవి.

వర్క్‌షాపు ఇచ్చిన పని కాగితం మీద అతను 'రెక్క జారింది, ఎత్తి సరిచేశాను' అని రాశాడు. ఎందుకు జారిందో రాయడానికి గడి లేదు, అతనూ వెతకలేదు.

"ఇక ఆరేయొద్దమ్మా," అన్నాడు సంచి భుజానికెత్తుకుంటూ.

"చచ్చినా ఆరేయను," అంది ఆమె. ఆమె అన్న తీరు చూస్తే అతనికి నమ్మకం కుదరలేదు. మంచినీళ్లకని వంటింటి గుమ్మం దాకా వెళ్తే కనబడనే కనబడింది. గట్టు కింద పెద్ద జాడీ, మూతికి గుడ్డ, చుట్టూ పుల్లటి మజ్జిగ వాసన. రెండో విడత ఊరుతోంది. శనివారానికి ఎండకు రావాల్సిందే. ఎక్కడికి వస్తుంది? ఈ కిటికీకే.

దారంతా అదే ఆలోచన. ఆమె మాట నమ్ముకుంటే తాను దుక్మ్ బండి ఎక్కినట్టే. ఇస్రార్‌తో చెబితే బిల్డింగు ఓనరు చెవిన పడుతుంది, పెద్దావిడ నలుగురిలో తలదించుకోవాలి. మిరపకాయలకు ఎండ కావాలి. ఎండబెట్టడం మాన్పించలేడు, ఎండబెట్టే చోటు మార్చగలడు.

గురువారం ఇస్రార్‌ను అడిగి, స్క్రాప్‌లో పడేసిన దోమజాలీ రెక్కలు రెండు తీసుకున్నాడు. శుక్రవారం సెలవు. రూమ్‌లో అందరూ బట్టలుతుక్కుంటుంటే అతను వర్క్‌షాపు వెనక కూర్చుని, ఒక జాలీ కిందికీ ఒక జాలీ పైకీ వచ్చేలా మడతబందులతో కలిపాడు. నాలుగు కాళ్లు బిగించాడు. పరిచి మూత వేస్తే పిట్ట ముట్టదు, ఇసుక పడదు, గాలి మాత్రం కిందా పైనా ఆడుతుంది. సాయంత్రం దాన్ని వీపు మీద పెట్టుకుని సీతాదేవి బిల్డింగుకు వచ్చాడు.

దస్తగిర్ పైన మేడ తలుపు తాళంచెవి ఊపుకుంటూ ముందు నడిచాడు. "నా నెత్తిన పడకుండా ఉంటే చాలన్నా, మేడంతా రాసిస్తా!"

మేడ మీద ఎండలో దించిన మంచం లాంటి ఆ జల్లెడను సీతాదేవి ఒకసారి చేత్తో నొక్కి చూసింది, ఒకసారి మూత ఎత్తి దించింది. "ఇదెవరు చేయమన్నారయ్యా నిన్ను?"

"నా పని నిలవాలె గదమ్మా. మీ కిటికీ నిలిస్తెనె అది నిలిచేది." దుక్మ్ సంగతి అప్పుడు చెప్పాడు.

ఆమె కొంగు నడుముకు దోపి, ఆ జల్లెడను తానే బాగా ఎండ తగిలే మూలకు జరిపింది. 

శనివారం పొద్దున్నే గాలి లేచింది. ఇసుక రేగి రోడ్డు కనబడలేదు. వర్క్‌షాపు ముందు దుక్మ్ బండి ఇంజన్ ఆడుతోంది. అప్పుడే ఇస్రార్ ఫోన్ మోగింది. "జీ, సీతాదేవి మేడమ్," అన్నాడతను. ఇస్తారికి వర్క్‌షాపు వెనక గోంగూర డబ్బాలు గుర్తొచ్చాయి. తాను పోతే వీటికి నీళ్లెవరు పోస్తారు?

ఇస్రార్ చాలాసేపు విన్నాడు. ఫోన్ పెట్టేసి మీసం నిమురుకున్నాడు.

"ఏం జేసినవ్ బే ఆడ? ఈల ఆగిందట. పెద్దమ్మ పావుగంట నీ గురించే చెప్పింది. పక్కింటోళ్లకూ, కిందింటోళ్లకూ కిటికీల తాళాలు పడ్తలెవ్వట. తాళానికి బొట్టు పెట్టెటి మిస్త్రీనే పంపుమంటున్నరు. ఏ బొట్టు రా?"

మిస్త్రీ అన్న మాట ఇస్తారి చెవిలో ఒకటికి రెండుసార్లు తిరిగింది. దుక్మ్ బండి అతను లేకుండానే కదిలింది.

"కుంకుమ బొట్టు భాయ్," అన్నాడు సంచి అందుకుంటూ. మొదట వర్క్‌షాపు వెనక్కి వెళ్లి గోంగూరకు రెండు చెంబులు నీళ్లు పోశాడు. తరువాత సంచిలో స్క్రూడ్రైవర్ల పక్కన ఉన్న చిన్న కుంకుమ భరిణె తడిమి చూసుకుని, గాలికి ఎదురు నడిచాడు. ఆ భరిణె శుక్రవారం సాయంత్రం సీతాదేవి ఇచ్చినదే. దాంతోపాటు మొదటి విడత మిరపకాయలు ఒక పొట్లం కూడా ఇచ్చింది. అవి రూమ్‌లో ఆ రాత్రికే అయిపోయాయి.