మూయని సీడీ

పోయిన నెల ఒక ఉదయం పిల్లల క్యారియర్లు సర్దుతుంటే చిత్తూరు నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "చిన్నాయన పొయ్యినాడు పాపా" అంది. ఆయన మా నాయనకు తమ్ముడు, నాయన పోయాక నాకు మిగిలిన పెద్దదిక్కు. ఆ కబురు వినగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఆయన అంగట్లో నేను వదిలేసిన సీడీ. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

చిత్తూరు బస్టాండు దగ్గర చిన్నాయనకు సీడీల అంగడి ఉండేది. పెళ్లి క్యాసెట్లు, హరికథలు ఆయన చేతుల మీదుగా సీడీల్లోకి ఎక్కేవి. జనం సీడీ కొట్టించుకోవడం అనేవాళ్లు, ఆయన మాత్రం రాయడం అనేవాడు. మిషన్‌కు ఎంత వేగం ఉన్నా అన్నింటికంటే నిదానమైనదే పెట్టేవాడు. రాస్తున్నంతసేపూ బల్ల మీద ఎవరినీ చెయ్యి ఆనించనిచ్చేవాడు కాదు, తానూ చేతులు కట్టుకుని కూర్చునేవాడు. లోపల కాన్పు జరుగుతోందా చిన్నాయనా అని నేను ఆటపట్టించేదాన్ని.

రాయడంలో రెండు పద్ధతులున్నాయని ఆయనే నాకు చెప్పాడు. ఒకటి, ఒకే ఊపున రాయడం. లేజరు మొదలుపెడితే చివరిదాకా ఆగదు, చివర్లో సీడీని మూసేస్తుంది. ఇక అందులో ఒక్క ముక్క కూడా చేర్చలేం. పెళ్లి సీడీలన్నీ అలాగే రాసేవాడు. రెండోది, విడతలుగా రాయడం. ఇవాళ కొంత రాసి మూయకుండా వదిలేస్తే, మిగిలిన జాగాలో ఎప్పుడైనా ఇంకో విడత రాసుకోవచ్చు. మా నాయన గొంతును ఈ రెండో పద్ధతిలో రాసి నాకిచ్చాడు.

చిన్నాయన కొత్తగా టేప్ రికార్డరు కొన్నప్పుడు సరదాకు నాయన చేత మాట్లాడించిన క్యాసెట్ అది. గానుగ దగ్గర బెల్లం వండిన రోజుల గురించి, కార్వేటినగరంలో తిన్న పెళ్లి భోజనం గురించి నాయన అరగంట చెప్పి, చివర్లో "పాప యాడుండాదిరా? రమ్మను" అంటాడు. అక్కడికి టేపు అయిపోయింది. నాయన గొంతు మాకు మిగిలింది అంతే.

సీడీలో ఇంకా జాగా ఉంది కదా అని ఒకసారి మా పెద్దదాని పుట్టినరోజు ఫొటోలు ఇంట్లో నేనే అందులో రాశాను. పాత విడతను కలుపుకోమని కంప్యూటర్‌కు చెప్పాలని నాకు తెలియదు. తెరిచి చూస్తే ఫొటోలున్నాయి, నాయన లేడు. ఏడుస్తూ చిత్తూరు బస్సెక్కాను. చిన్నాయన సీడీని అంచుల దగ్గర పట్టుకుని వెనకవైపు వెలుతురుకు తిప్పాడు. లోపల వెడల్పుగా ముదురు రంగు వలయం, దాన్ని ఆనుకుని సన్నగా ఇంకొకటి.

"నాయన యాడికీ పోలేదు పాపా, ఈడనే ఉండాడు సూడు. మిషను నువ్వు ఆఖర్న రాసింది మాత్రం సూసి నిలిచిపోతా ఉండాది. ముందరిది కూడా సూడమని మనమే చెప్పాల."

ఆయన మిషన్‌కు చెప్పాడు, నాయన మాట్లాడాడు. ఇద్దరం ఏడ్చాం. మా నాయనను నాకు రెండోసారి ఇచ్చిన మనిషి ఆయన. ఇక దీన్ని మూసేయమంటే మాత్రం ఒప్పుకోలేదు, జాగా ఉంది కదా అన్నాడు. ఫొటోలు వేరే సీడీలోకి తీసి రెండూ ఇస్తాను, వచ్చే వారం రమ్మన్నాడు.

నేను పోలేదు. తిరుపతి నుంచి చిత్తూరు ఎంత దూరమని? ఆయన ఫోన్ చేసినప్పుడల్లా వచ్చి తీసుకుపొమ్మనేవాడు, నేను ఈ ఆదివారం అనేదాన్ని. ఆ ఆదివారాలు ఏళ్లయ్యాయి. సీడీలు అడిగేవాళ్లు కరువై అంగట్లో జెరాక్సు మిషన్ వచ్చింది. చివరికి ఆయన అడగడం మానేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

దినాలయ్యాక చిన్నమ్మతో అంగడికి వెళ్లాను. సొరుగు తీయగానే పైనే ఉంది, కవరు మీద 'పాపది' అని ఆయన రాత. వెలుతురుకు పట్టి చూస్తే వలయాలు మూడున్నాయి. మూడోది నాది కాదు. బేరం లేని మధ్యాహ్నాలు ఆయన మా నాయన గొంతు పెట్టుకుని కూర్చునేవాడని, ఒంటరిగా మాట్లాడేవాడని చిన్నమ్మ చెప్పింది.

ఆయన మిషన్‌లోనే పెట్టాను. మూడో విడత చాలాసేపు తిరిగి తెరుచుకుంది. ఫ్యాను చప్పుడు, దగ్గు, కుర్చీ జరిపిన శబ్దం. తర్వాత చిన్నాయన గొంతు.

"అన్నా, పాప ఇంకా రాలేదు."

అంతే ఉంది. అప్పటి నుంచి గిన్నెలు తోముతున్నా, బస్సులో కూర్చున్నా ఆ అన్నదమ్ముల మాటలు ఒకదాని వెనక ఒకటి వినిపిస్తున్నాయి. నాకు భయంగా ఉంటుంది, ఆగిపోతాయేమోనని ఇంకా భయంగా ఉంటుంది.

ఆ రోజు అంగట్లోనే చిన్నమ్మ అడిగింది, ఈ పని ఆయన ఆమెకూ నేర్పాడట. "మూసేద్దామా పాపా?"

వద్దన్నాను. ఇప్పుడది మా ఇంట్లో కిటికీ పక్కన ఉంది. పొద్దున ఎండ పడినప్పుడు మూడు వలయాలూ కనిపిస్తాయి. వాటి తర్వాత, అంచు దగ్గర, వేలి వెడల్పంత జాగా ఏమీ రాయకుండా మెరుస్తూ ఉంటుంది.