షెడ్డు పక్కన పెట్టిన మీటరు

ఐదేళ్లుగా ఒక అంకెను దాచిపెట్టుకుని తిరుగుతున్నాను. దాన్ని నేను తప్ప ఎవరూ చూడలేదు. చూసిన వెంటనే మీటరు మీద బటన్ నొక్కి చెరిపేశాను. మీటరులోంచి పోయింది గానీ నాలోంచి పోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇంకా మోసే ఓపిక లేదు.

మాది నర్సీపట్నం. ఒక ఫ్యాక్టరీలో యంత్రాల శబ్దం, కంపనం కొలవడం నా ఉద్యోగం. ఆదివారాల్లో స్నేహితులం ఐదుగురం కలిసి మోటార్‌సైకిళ్ల మీద లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్లం. ఒక ఏడాది భూటాన్ వెళ్లాలనుకున్నాం. దారి, పర్మిట్లు, టైర్లు, బ్రేకులు, చైన్లు, అన్నీ చూసే బాధ్యత నేనే తీసుకున్నాను. చివరికి సైలెన్సర్ల దగ్గరికొచ్చాం. బండి శబ్దం ఎంత ఉండొచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అక్కడి నిబంధన చదివినవాణ్ణి మా ఐదుగురిలో నేనొక్కణ్ణే. కొలిచే పద్ధతి కూడా నాకొక్కడికే తెలుసు. శబ్దం కొలిచే మీటరును సైలెన్సర్ పైపు చివరికి అర మీటరు దూరంలో, నలభై ఐదు డిగ్రీల కోణంలో పెట్టాలి. చుట్టూ గోడలు ఉండకూడదు.

ఆ ఐదుగురిలో పెద్దవాడు నూకరాజన్న. కోటవురట్ల దగ్గర జీడితోట ఉంది ఆయనకి. వాళ్ల నాన్న వయసులో ఉండగా భూటాన్ వెళ్లి, కొండ రోడ్లు వేసే చోట రోలర్ నడిపాడు. ఆ సంపాదనతో కొన్న బండే నూకరాజన్న నడిపేది. నాన్న పోయాక ఆ బండిని ఒక్కసారి ఆ రోడ్డు మీద తిప్పి తేవాలని ఆయన కోరిక. వేరే బండి మీద వస్తే లాభం లేదని ముందే చెప్పాడు.

ఘాట్ మీద ఆయన నడుపుతుంటే వెనక వచ్చేవాళ్లం చూస్తూ ఉండిపోయేవాళ్లం. మలుపు దగ్గర నేను లెక్క వేసుకునేవాణ్ణి, ఆయన ఊరికే వంగేవాడు. టీ కోసం ఎక్కడ ఆగినా అందరూ ఆయన చుట్టూ చేరేవాళ్లు. ప్లాన్ నాది, కాగితాలు నావి, కానీ ఆ ప్రయాణం కూడా ఆయనదే అయిపోతుందని నాకు ముందే తెలిసిపోయింది. అసూయ అంటే ఇదేనా? అప్పట్లో దానికి నేను ఆ పేరు పెట్టలేదు. పాత బండి, దారిలో ఆగిపోతే అందరికీ ఇబ్బంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ బండి ఒక్కనాడూ దారిలో ఆగలేదు.

కొలిచింది రైస్ మిల్లు కళ్లంలో, ఒక ఉదయం. ఆయన బండి మీద కూర్చుని నేను చెప్పినంత యాక్సిలరేటర్ ఇచ్చి పట్టుకున్నాడు. మీటరు సరైన చోటే పెట్టాను. అంకె వచ్చింది. పరిమితికి లోపలే ఉంది. గొప్ప తేడాతో కాదు గానీ, పాసే. ఆయన ముందుకు చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. అంకె చెరిపేశాను. గాలి ఎక్కువగా ఉంది, షెడ్డు పక్కన చూద్దాం అన్నాను.

రేకుల షెడ్డు అది. రేకు తగిలి శబ్దం మీటరు మీదికి తిరిగొస్తుంది. దూరం సగానికి తగ్గిస్తే దాదాపు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. రెండూ నాకు బాగా తెలుసు. రెండూ చేశాను. ఈసారి మీటరును ఆయనకి చూపించాను.

"ఏటి తమ్ముడూ, ఎక్కువ సూపెడతందా?"

"ఎక్కువేనన్నా. బోర్డర్లో ఆపేస్తారు."

"మా నాన రోలరు సౌండుకి ఊరుకున్నోళ్లు ఈ బండి సౌండుకి ఊరుకోరా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన నవ్వు కూడా ఆగిపోయింది. "కొత్త సైలెన్సరు తొడిగేత్తేనో?"

"సౌండు సైలెన్సర్‌ది కాదన్నా, ఇంజన్‌ది."

ఆయన ట్యాంకు మీద చెయ్యి వేశాడు. "సరేలే. సదూకున్నోడివి, నువ్వు సెప్పాక ఇంకేటుంది," అన్నాడు. బండి స్టార్ట్ చేయకుండా గేటు దాకా తోసుకుంటూ వెళ్లాడు. శబ్దం నాకు ఇబ్బంది అనుకున్నాడేమో.

నలుగురం వెళ్లాం. సరిహద్దులో కాగితాలు చూశారు. ఏ బండికీ ఎవరూ మీటరు పెట్టలేదు. మాలో ఒకడి బండికి కంపెనీది కాకుండా బయట కొన్న, ఎక్కువ మోత చేసే సైలెన్సర్ ఉంది, ఊళ్లలో నెమ్మదిగా వెళ్లమని మాత్రం చెప్పారు. దారంతా నేనే ముందు నడిపాను. కోరుకున్నది దొరికింది. మలుపు తిరిగినప్పుడల్లా అద్దంలో వెనక్కి చూసేవాణ్ణి. ఉన్న ముగ్గురే కనిపించేవాళ్లు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక్క అబద్ధమే అయ్యేది. తిరిగొచ్చాక ఒకరోజు ఆయన నా దగ్గరికి వచ్చాడు. సైలెన్సర్ లోపల రేకులు వెల్డింగ్ చేయిస్తే శబ్దం తగ్గుతుందని ఎవరో చెప్పారట. వచ్చే ఏడాది ఒక్కడే అయినా వెళ్తాడట. చేయించొచ్చా అని అడిగాడు. పొగ పోయే దారి మూసేస్తే పాత ఇంజన్ వేడెక్కిపోతుందని నాకు తెలుసు. వద్దంటే చాలు. కానీ వద్దంటే మరేం చేయాలని అడుగుతాడు. అప్పుడు నిజం చెప్పాల్సి వస్తుంది. ఆ భయంతో తల ఊపాను. అందరూ అలాగే చేయిస్తున్నారన్నా అని కూడా అన్నాను.

ఆయన రేకులు వేయించాడు. ఆ వేసవిలో నక్కపల్లి వెళ్తుండగా ఇంజన్ వేడెక్కి పట్టేసింది. అంత పాత బండికి సామాను దొరకలేదు. కొన్ని నెలలు చూసి, పాయకరావుపేటలో పాత ఇనుము కొనేవాళ్లకి ఇచ్చేశాడు. ఇప్పుడు తోటకి స్కూటర్ మీద వెళ్తున్నాడు. భూటాన్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. పోయిన నెల అందుకోసమే తోటకి వెళ్లాను. జీడిగింజలు ఎండబోస్తున్నాడు. నన్ను చూసి సంబరపడ్డాడు, టీ తెప్పించాడు. పక్క తోట రైతుకి నన్ను చూపించి, తన బండి పనికిరాదని ముందే కనిపెట్టింది ఈ తమ్ముడేనని చెప్పాడు. తనే మొండికేసి దాన్ని పాడు చేసుకున్నానన్నాడు. నాన్న బండిని తన చేతులతోనే చంపుకున్నానని అనుకుంటున్నాడాయన. అది విన్నాక నోరు విప్పాల్సింది. టీ తాగి వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదు? ఆయన కొడతాడని కాదు. కొట్టే మనిషి కాదు. మరైతే ఏమిటి? బహుశా సరేలే అంటాడని. ఆ మాట ఆయన నోటి నుంచి రెండోసారి వినలేను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. ఒక్క విషయం మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. నూకరాజన్న బండి పాసైంది. ఆయన వెళ్లి ఉండేవాడు. వెళ్లకుండా చేసింది నేను, ఆ బండిని చంపింది కూడా నేనే. ఇంతవరకూ ఈ మాటలు లోపల కూడా పూర్తిగా అనుకోలేదు, మధ్యలోనే ఆపేసేవాణ్ణి. ఈ రోజు చివరిదాకా వచ్చాను.