వారాల పేర్లు

అరకు దాటాక కొండల మీదున్న ఒక చిన్న ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేశాను. పార్వతీపురం నుంచి ట్రంకుపెట్టెతో దిగిన కొత్తలో నాకు పెద్ద తలనొప్పి పేర్లే. అక్కడ పిల్ల ఏ వారం పుడితే ఆ వారం పేరే పెడతారు. మంగళవారం పుట్టిన ఆడవాళ్లు ఏ ఊళ్లో చూసినా ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఇక వయసంటారా, ఎవరికీ తెలియదు. మా డాక్టరు కొండ ఆడవాళ్లందరికీ ఇరవై అయిదు రాసేసేవాడు. పళ్లూడిన ముసలమ్మ పక్కన కూడా అదే అంకె చూసి ఒకసారి నవ్వుకున్నాను.

అబార్షన్ల రిజిస్టరు మాత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. అందులో పేరు బయటి మనిషి చెవిన పడకూడదు. అది చట్టం. తొంభైల చివర్లో, మా దగ్గర ఆ కేసులు ఎక్కువ కనబడుతున్నాయని పైవాళ్లకి అనుమానం వచ్చింది. నిజంగా జరిగాయో, కాగితం మీదే జరిగాయో ఇళ్లకి వెళ్లి చూసి రమ్మని ఒక అధికారిని పంపారు. ఆయన జీపు దిగుతూనే రిజిస్టరు అడిగాడు.

"అది ఎవరికీ చూపించకూడదండి," అన్నాను.

"మేమూ గవర్నమెంటే, మీరూ గవర్నమెంటే. మనలో మనకి దాపరికమేంటమ్మా?"

మా డాక్టరుకి బదిలీ కావాలి. తాళం తీసిచ్చాడు. నాకు ఒళ్లు మండింది గాని, నా మాట ఎవరిక్కావాలి? అధికారి పేరు, వయసు, ఊరు ఎత్తి రాసుకుని కొండెక్కాడు.

ఆయన వెళ్లిన ఒక ఊళ్లో మంగళవారం పేరుగలవాళ్లు ముగ్గురు. ఒకామె చెవుడొచ్చిన ముసలిది. ఒకామె పిల్లలతల్లి, మొగుడు విశాఖలో కూలిపనికి పోయి చాలా నెలలయింది. మూడో ఆమె కాఫీ పళ్లు కోసే పెళ్లికాని పిల్ల. ఇరవై దాటింది, సంబంధం కుదిరింది. అబార్షన్‌కి మా దగ్గరకి వచ్చింది ఆమే, నెత్తిన బుట్టతో, సంతరోజున. సంతరోజైతే ఎందుకెళ్లావని ఎవరూ అడగరు. "ఇంటికాడ తెలిస్తే సంబంధం పోద్దమ్మగోరూ," అంటే, ఎవరికీ తెలియనివ్వనని మాటిచ్చాను.

ఆ ఊళ్లో జీపు ఆగితే జనమంతా మూగుతారు. అధికారి ఆ పేరు గట్టిగా పిలిచాడు. పిల్ల కాఫీ తోటలో ఉంది. ముసలమ్మకి వినపడలేదు. పిల్లలతల్లి వచ్చింది. "అబార్షన్ అయ్యాక ఒంట్లో బాగుందా అమ్మా?" అని అందరి ముందూ అడిగాడు. నాకేమీ కాలేదందామె. సిగ్గుపడుతోందనుకుని టిక్కు పెట్టుకున్నాడు. పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, ఇంకేం కావాలి!

మొగుడు దగ్గర లేని మనిషికి అబార్షనేమిటి? కబురు విని విశాఖ నుంచి పరుగున వచ్చిన మొగుడు ఆమెని పుట్టింటికి తోలేశాడు. పిల్లల్ని తన దగ్గరే ఉంచుకున్నాడు.

తర్వాతి సంతకి మొగుణ్ణి బతిమాలి ఆసుపత్రికి తీసుకొచ్చింది. అతన్ని బయట ఉంచి, లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నానేనేటి మీ కాడికొచ్చింది? కాదని ఒక్క మాట ఆడికి సెప్పండమ్మగోరూ. నా పిల్లలు ఆడి కాడే ఉండిపోనారు."

ఆ ఒక్క మాటా నోటిదాకా వచ్చింది. కానీ ఈమె కాదంటే మిగిలిందెవరు, ముసలమ్మా? పొద్దుగూకేలోగా ఊరంతా ఆ పిల్ల గుమ్మంలో ఉంటుంది.

"ఎవరి సంగతీ నేను చెప్పకూడదమ్మా," అన్నాను. ఏడుపొచ్చింది నాకు.

ఆమె నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. చూసి చూసి, చెయ్యి వదిలేసింది.

"ఓలమ్మా... ఆ కాఫీ తోట గుంటా?"

నేను సిరంజిలు ఉడుకుతున్న గిన్నె వైపు తిరిగాను. ఆమె బయటికి నడిచింది.

"ఏటన్నాది?" మొగుడి గొంతు.

"ఏటీ అన్లేదు," అంది. అతను ఊరి దారి పట్టాడు, ఆమె పుట్టింటి దారి పట్టింది.

ఆ ఎండాకాలంలో పిల్ల పెళ్లయిపోయింది. అదయ్యాక ఊరి పెద్దలు కూర్చుని, పిల్లలతల్లి పుట్టింటివాళ్ల చేత తప్పు కింద మేకని కోయించి, మళ్లీ కాపురానికి పంపారు. చేశానని ఒప్పుకుంటేనే పంపుతామన్నారు. ఒప్పుకుంది.

కొన్నేళ్లకి పురిటికి మా దగ్గరకే వచ్చింది. రిజిస్టరు తెరిచి, అలవాటుకొద్దీ పేరు అడిగాను.

నొప్పులు పడుతూనే నవ్వింది.

"మీకు నచ్చిన వారం రాసీసుకోండమ్మగోరూ."