సుగుణమ్మ గారు టైపు చేయని దరఖాస్తు

మొన్న తార్నాకలో ఒక దర్జీ కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో కుట్టుమిషన్ తుడుస్తుంటే, ఆ వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. కుట్టించుకోవలసిన బట్టలేవీ చేతిలో లేవు. అయినా అతని ముందు కాసేపు నిలబడ్డాను. సుగుణమ్మ గారి వేళ్ళకు ఎప్పుడూ ఈ వాసనే ఉండేది. పని మొదలుపెట్టే ముందు ఆమె టైపు మిషన్ అక్షరాలను పాత బ్రష్షుతో, కిరోసిన్‌తో తోమేది. "మురికి అక్షరం చూస్తే సార్లకు కోపమొస్తది, మనం చెప్పేది చదవకముందే," అనేది.

అవి అరవైల చివరి సంవత్సరాలు. ఆమె విశ్వవిద్యాలయంలో టైపిస్టు. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. సాయంత్రాలు తార్నాకలోని తన అద్దె ఇంటి వరండాలో విద్యార్థులకు దరఖాస్తులు టైపు చేసి పెట్టేది. నేను ఎం.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నాను. మాది ఒకప్పుడు పదకొండు ఊళ్ళ మీద పెత్తనం చేసిన దేశ్‌ముఖ్ కుటుంబం. నాకు ఊహ తెలిసేనాటికి ఊళ్ళూ లేవు, కోటలాంటి మా గడీ లేదు. మల్కాజ్‌గిరిలో రెండు గదుల ఇల్లు, తల ఎత్తుకుని నడవాలన్న నాన్న ఆజ్ఞ మాత్రం మిగిలాయి. ఆ ఆజ్ఞను నేను మాటకు కూడా వర్తింపజేసుకున్నాను. రాస్తే బరువైన ఇంగ్లీషు, మాట్లాడితే పుస్తకాల తెలుగు. మా ఇంటి యాస క్యాంపస్‌లో ఎవరి చెవినా పడనిచ్చేవాణ్ణి కాదు.

ఆ ఏడాది నాకు హాజరు చాలలేదు. మా శాఖాధిపతి మన్నిస్తే తప్ప పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ ఏడాది పోతే నా చదువు అక్కడితో ఆగిపోయినట్టే. ఇంగ్లీషులో రెండు పేజీల దరఖాస్తు రాసి సుగుణమ్మ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మా వంశం గొప్పతనంతో మొదలై, 'అనివార్యమైన ఎస్టేటు వ్యవహారాల' మీదుగా సాగి, తగిన ఉత్తర్వు వెలువడగలదన్న నమ్మకంతో అది ముగిసింది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ కాగితాన్నీ చూసిన వెంటనే టైపు చేసేది కాదు. దాన్ని తన ఇంటి తెలుగులోకి మార్చి, రాసినవాడికే గట్టిగా వినిపించేది.

"ఇగో, ఇను బాబూ. 'మేము పెద్దోళ్ళం. మాకు పెద్ద పనులుండె. అందుకే నీ క్లాసుకు రాలే. ఇగ నువ్వు సంతకం పెట్టు.'" కాగితం బల్ల మీద పెట్టి నవ్వింది. "ఇది అర్జీ కాదు, ఫర్మానా. మా ఊర్ల దొర మాట గిట్లనే ఉంటుండె."

నా చెవులు మండాయి. "నేను అలా రాయలేదు. ఇంగ్లీషులో అది ఎంతో మర్యాదగా ఉంది," అన్నాను.

"మర్యాదగనే ఉన్నది. కాగితం మీద ఎవరి మొకం కనపడదు, అందుకే ధైర్యమొస్తది. గిదే మాట సార్ ముంగట నిలబడి మన తెలుగుల చెప్పగలుగుతవా? చెప్పగలుగుతనంటే ఇప్పుడే టైపు కొడ్త."

నేను కాగితాన్ని నా వైపు లాక్కున్నాను.

"ఆ ఎస్టేటు ఏడున్నది?"

"కాచిగూడలో," అన్నాను.

"కాచిగూడల ఎస్టేటా? స్టేషన్ పక్కనా?"

ఆమె ముఖంలో వెక్కిరింత లేదు. అందుకే చెప్పగలిగాను. నాన్న అక్కడ ఒక లాడ్జిలో గుమాస్తా. కామెర్లతో రెండు నెలలు మంచం పట్టారు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు లాడ్జి వాళ్ళు. ఆ రెండు నెలలూ ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఈ సంగతి అంతకుముందు నేను ఏ భాషలోనూ ఎవరికీ చెప్పలేదు.

అప్పటిదాకా వాదించడమంటే ఎదుటివాణ్ణి ఒక మెట్టు కింద నిలబెట్టడమే అనుకునేవాణ్ణి. మా గడీలో హుకుములు ఉర్దూలో నడిచేవి, తిట్లు తెలుగులో నడిచేవి. ఒకరిని ఒప్పించవలసిన అవసరం మా వాళ్ళకు ఎన్నడూ రాలేదు. ఒప్పించే భాష మాకు ఎవరూ నేర్పలేదు.

సుగుణమ్మ గారు కొత్త కాగితం నా ముందు పెట్టింది. "గిప్పుడు చెప్పినవు చూడు, గదే రాయి. నాలుగు లైన్లు చాలు. టైపు మాత్రం రేపే. అర్జీల ఎవరి ముచ్చట ఉంటే వాళ్ళు ముందుగాల ఇనాలె. మీ బాపుకు ఇనిపించి రా."

"ఆయనకు ఇంగ్లీషు రాదు. ఉర్దూ చదువు."

"ఇంక మంచిదాయె. తెలుగుల చెప్తవు."

ఆ రాత్రి నాన్న మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. నా చేతిలో కాగితం చూసి, "ఏం రాసినవ్?" అన్నారు. ఏం చెప్పినా నమ్ముతారు. ఎస్టేటు వ్యవహారాలని రాశానంటే తృప్తిగా తల ఊపేవారు. అయినా మా ఇంటి మాటల్లోనే చెప్పాను. "బాపూ, మీరు లాడ్జిల గుమాస్తా అని రాసిన. మీకు పానం బాగలేకుంటే మీ కుర్చీల నేను కూసున్ననని రాసిన."

ఆయన గోడ వైపు తిరిగారు. "ఆడ నిన్ను ఎవరన్న గుర్తుపట్టిన్రా?"

"మన ఊరాయన ఒకడు పట్టిండు. రూము తాళం అడిగిండు. ఇచ్చిన."

"ఇయ్యాలె గద," అన్నారు. దుప్పటి సర్దుకుని నా వైపు తిరిగారు. తర్వాత, "గుమాస్తా ఎందుకురా, మేనేజర్ అని రాయకపోతివి?" అన్నారు. నేను తడబడి కాగితం వైపు చూశాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "వద్దు తీయ్. ఉన్నదే ఉండనీ."

మా శాఖాధిపతి కోస్తా ప్రాంతం వారు, మితభాషి. సుగుణమ్మ గారు మర్నాడు టైపు చేసి ఇచ్చిన ఆ నాలుగు వాక్యాలను రెండుసార్లు చదివారు. "నాన్నగారికి ఇప్పుడెలా ఉందయ్యా?" అన్నారు. తగ్గిందన్నాను. "ముందే చెప్పలేకపోయావా?" అంటూ సంతకం పెట్టారు. నేను పరీక్షకు కూర్చున్నాను.

సంతకం అయిన సాయంత్రమే సుగుణమ్మ గారి ఇంటికి వెళ్ళి, వరండా మెట్ల ముందు బిగుసుకుని నిలబడి, "థాంక్యూ వెరీ మచ్, మేడమ్," అన్నాను.

ఆమె అక్షరాలు తోముతూ తల కూడా ఎత్తలేదు. "గా ముక్క ఆఫీసుల దినాం కొడ్త బాబూ, వేళ్ళు నొస్తయి. వచ్చి కూసో. మీ బాపు ఏమన్నడు? గది చెప్పు."

కూర్చున్నాను. గోడ వైపు తిరిగిన నాన్న గురించీ, తాళం అడిగిన మనిషి గురించీ మా ఊరి యాసలో చెప్పుకుపోయాను. మేనేజర్ మాట దగ్గర ఆమె బ్రష్షు పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాకు తెలియకుండానే చీకటి పడింది.

తర్వాత ముప్పై ఏళ్ళు ప్రభుత్వోద్యోగంలో ఇతరుల దరఖాస్తులు చదవడమే నా పని. పెద్ద మాటలతో నిండిన కాగితం వస్తే, రాసినవారిని పిలిపించి కుర్చీ చూపేవాణ్ణి. "ఇంట్ల ఎట్ల చెప్పుకుంటరో గట్ల చెప్పుండ్రి," అనేవాణ్ణి. ముందు చాలామంది నేల చూసేవారు. కొందరికి ఆ మాత్రం మాట రావడానికి చాలా సమయం పట్టేది. బయట వరుసలో ఎందరున్నా నేను తొందరపెట్టలేదు.