చక్రవర్తి కన్ను

మా డ్రాయింగ్ మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను సీలేరులో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. ఫోన్ చేసింది ఆయన భార్య. "మాస్టారు ఎల్లిపోనారమ్మా. నీకు సెప్పాల గదా," అంది. ఆ మాటలో నింద లేదు. ఉంటే బాగుండేది.

ముంచింగిపుట్టు దగ్గర మా ఆశ్రమ పాఠశాలలో ఆయన ఇరవై ఏళ్లకు పైగా బొమ్మలు నేర్పారు. ఆయనా మా కొండల మనిషే. తరగతి గదికి ఆయన సొంతంగా తెచ్చి తగిలించిన పటం ఒక్కటే. మొఘల్ దర్బారులో ఎవరో చిత్రకారుడు వేసిన చక్రవర్తి బొమ్మకు అచ్చు ప్రతి అది. పక్కకు తిరిగిన ముఖం, తల వెనక బంగారు వలయం, మెడలో ముత్యాలు, వేళ్ల మధ్య చిన్న పువ్వు.

"రాజుకి ఒక్క కన్నేనా మాస్టారూ?" అని నవ్వుతూ అడిగింది నేనే.

"రెండోది అటేపుంది గుంటా. ఉన్నదాన్ని సరిగ్గా సూడు ముందు," అన్నారు.

భూతద్దం చేతికిచ్చి చూపించారు. ఒక్కో ముత్యానికీ ఒక తెల్ల చుక్క. చక్రవర్తి పాదాల కింద చీమ తలంత పారసీ అక్షరాలు. "అది బొమ్మేసినోడి పేరు. మనకి సదవరాదు. కానీ ఉంది, సూసేవా?" రాజుల పేర్లు బట్టీపట్టే మాకు, బొమ్మ వెనక ఒక మనిషి ఉంటాడని ఆరోజే తెలిసింది. ఈనాటికీ పాఠ్యపుస్తకంలో ఏ బొమ్మ కనిపించినా, ఎవరు వేశారని పిల్లల్ని అడుగుతాను. ఆ అలవాటు ఆయనిచ్చిందే.

చేతి చెమట కాగితానికి తగలకుండా అరచేతి కింద విస్తళ్లు కుట్టే అడ్డాకు పెట్టుకునేవారు. రంగు ఆరేదాకా మాట్లాడేవారు కాదు.

రిటైరయ్యాక అదే చక్రవర్తిని పెద్ద కాగితం మీద మొదలుపెట్టారు. నాలుగేళ్లు వేశారు. ఈలోగా చూపు మసకబారింది. ఆపరేషన్ చేయించినా లాభం లేకపోయింది. బొమ్మలో చక్రవర్తి కన్ను వెయ్యడం ఒక్కటే మిగిలిందని ఫోన్ చేశారు. "నా సెయ్యి బాగానే ఉంది, సూపే లేదు. నువ్వొచ్చి ఏసెయ్యాల. బేగి రా గుంటా."

తరగతిలో అందరికన్నా సన్నటి గీత నాదని ఆయన నమ్మకం. కుంచె ముట్టుకోక పదేళ్లు దాటిందని చెప్పడానికి నాకు సిగ్గేసింది. శిక్షణ తరగతులన్నాను. తర్వాత పరీక్షలన్నాను. ఆ తర్వాత వానలన్నాను. "సర్లే, పిల్లలకి సదువు సెప్పే పని గదా," అని ప్రతిసారీ ఆయనే నాకు సర్దిచెప్పారు. మూడోసారి తర్వాత అడగడం మానేశారు. నాకు హాయిగా అనిపించింది. ఈ ముక్క రాయకుండా దాటెయ్యలేను.

నేను వెళ్లేసరికి మట్టి చేసేశారు. మాస్టారి భార్య నన్ను లోపలి గదిలో ఆ బొమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ముత్యాలు, పువ్వు, తలపాగా మడతలు, ఎక్కడా చెయ్యి వణకలేదు. కన్ను మాత్రం ఉండాల్సిన చోట లేదు. బాగా కిందుగా, చెంప మీద ఉంది.

"నీ కోసం సూసి సూసి, ఆకరికి ఆయనే ఏసుకున్నారు," అందామె. "సరిగ్గా కుదిరిందేటే అని నన్నడిగేరు. కుదిరిందనే సెప్పేను. ఏటి సెయ్యను?"

క్షమించమని అడగడానికి ఆ ఇంట్లో మనిషి లేడు.

బల్ల మీద స్టీలు గ్లాసులో కుంచెలు నిలబెట్టి ఉన్నాయి. ఆమె వాటిని తీసి పక్కన పెట్టి, గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. పొద్దున్నే ఆ నీళ్లు మార్చడం ఇన్నాళ్లూ ఆమె పనే. పారబోసిన నీళ్లలో ఏ రంగూ లేదు. ఆమె మళ్లీ నింపి తెచ్చి, కుంచెల్ని ఒక్కొక్కటిగా అందులో నిలబెట్టింది.