చెయ్యి ఆగని పాట

మంథని దగ్గరి మా పొలంలో నాట్లంటే చంద్రవ్వ ఉండాల్సిందే. పాట ఎత్తేది ఆమె. మిగతా ఆడవాళ్లంతా అందుకుని పాడుతూ, వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నారు పెడతారు. ఆమెను మెప్పించడం మాత్రం మన తరం కాదు. మా ఇంట్లో టీవీలో పాటల పోటీ చూసి, "ఒక్కతి పాడుతాంటె గంతమంది ఉత్తగ కూసున్నరేంది? నోర్లు లెవ్వా?" అని లేచి వెళ్లిపోయిన మనిషి!

ఈ వానాకాలం ఆమె గొంతు బొంగురుపోయింది. పాటను కోడలు జమునకు అప్పజెప్పాలి. జమునకూ అదే ఆశ. కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్త వెనక అందుకోవడమే గాని ఎత్తింది లేదు.

"గీ పూట నువ్వెత్తు, సూస్త" అంది చంద్రవ్వ.

జమున ఎత్తింది. అబ్బ, ఏం గొంతు! నా ఒళ్లు ఝల్లుమంది. గట్టు మీద నిలబడి ఫోన్‌లో రికార్డు పెట్టాను. నాటేవాళ్లలో రామవ్వ నడుమెత్తి నిలబడింది. ఆమెను చూసి శ్యామల. కాసేపటికి అందరూ నారు కట్టలు పట్టుకుని జమున వంకే చూస్తున్నారు.

పాట కాగానే నేను చప్పట్లు కొట్టాను. చంద్రవ్వ నన్ను ఉరిమి చూసింది.

"చెయ్యి ఆగింది. గదేం పాట?"

"నీకు చెవులున్నయా చిన్నమ్మా? బంగారమసొంటి గొంతు!" అన్నాను.

"గొంతు మంచిదే స్వరూపా. మరి నాటు వడాలె గద?"

నాకు ఒళ్లు మండింది. అత్త బుద్ధి పోనిచ్చుకుంది కాదు అనుకున్నాను. జమున కళ్లనిండా నీళ్లు. పగటిపూట సద్ది విప్పితే ఆమెకు ముద్ద దిగలేదు. చంద్రవ్వ వచ్చి ఆమె పక్కన చేరి, తన మామిడి తొక్కు పచ్చడి తీసి కోడలి గిన్నెలో వేసింది.

"నువ్వే అంత పాడితె వాళ్లేడ అందుకోవాలె బిడ్డా? జర జాగ ఇయ్యి."

మధ్యాహ్నం మళ్లీ ఎత్తినప్పుడు జమున సాగదీయలేదు. ఒక ముక్క అని వదిలేసింది. మిగతాది వాళ్లే లాక్కున్నారు. మధ్యలో రామవ్వ తన మొగుడి గురక మీద అప్పటికప్పుడు ఒక చరణం కట్టి చొప్పించింది. ఇక నవ్వులే నవ్వులు! నేనూ చీర ఎగదోపి మడిలోకి దిగాను. ఫోన్ సంగతే మరిచాను.

ఉన్నట్టుండి మడమలకు ఏదో తగిలింది. గట్టు! మడి అయిపోయింది, ఒక్కరికీ తెలియలేదు. శ్యామలైతే వెనక్కి కూలబడి కూడా పాడుతూనే ఉంది.

జమున ఎగపోస్తూ అడిగింది. "నా గొంతు ఇనవడ్డదా అత్తా?"

"ఇనవడలే" అంది చంద్రవ్వ పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. "రేపట్నుంచి నువ్వే ఎత్తు."