మిల్లు మైదానంలో పట్టాలు

కొత్త కొబ్బరి తాడు తడిస్తే వచ్చే వాసన ఇప్పుడు అరుదు. మా టెంట్ హౌస్‌లో ఉన్నవన్నీ నైలాన్ తాళ్ళే. పాత పద్ధతి పందిరి కావాలని ఎవరో అడిగితే పోయిన వారం నాలుగు కట్టల కొబ్బరి తాడు తెప్పించాను, దింపుతుండగానే వాన పట్టుకుంది. తడి మట్టి, పీచు, కాస్త ఉప్పు కలిసినట్టుండే ఆ వాసన మధ్య నిలబడి కట్టలు చూసుకుంటుంటే మా అన్న కూతురు హర్షిత ఫోన్ పట్టుకుని వచ్చింది.

హైదరాబాద్ దగ్గర ఉన్న ఒక పెద్ద ఆటల పార్కు అంటే దానికీ దాని స్నేహితులకూ ప్రాణం. ఆ పార్కు పక్క ఖాళీ జాగాలో కొత్తగా ఏదో కడుతున్నారట. ఏం కడుతున్నారో పార్కు వాళ్ళు ఇంకా చెప్పలేదు, చెప్పకపోవడమే వీళ్ళకు పండుగయింది. ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని, ఆకాశం నుంచి తీసిన ఫోటోలు, గోడ మీంచి తీసిన ఫోటోలు, దారిలో లారీ మీద పోతున్న ఇనుప గొట్టాల ఫోటోలు ముందేసుకుని ఒకరు మంచుకొండ అంటారు, ఒకరు నీళ్ళ జారుడుబండ అంటారు. హర్షితది రోలర్ కోస్టర్.

"అత్తా, నువ్వు చూస్తే చెప్తవు గదా. గివి రోలర్ కోస్టర్ స్తంభాలే గదా?"

పదో తరగతితో నా చదువు ఆగింది. ఖాళీ స్థలం చూసి ఎన్ని గుంజలు పడతాయో, ఎన్ని కుర్చీలు పడతాయో చెప్పడం మాత్రం నాకు నేనుగా నేర్చుకున్నాను, ఇరవై రెండేళ్ళుగా అదే నా పని. ఫోటోను పెద్దది చేసి చూశాను. పద్నాలుగు స్తంభాలు. అన్నింటి నీడా ఒకే పొడుగు, మధ్య ఎడం కూడా ఒకటే. "రోలర్ కోస్టర్ అయితే ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి ఉంటది బిడ్డా. ఇది షెడ్డు" అన్నాను.

"షెడ్డా? గ్రూపుల పెడితే నన్ను తిడ్తరు అత్తా." నవ్వుతూనే అన్నది కాని ముఖం చిన్నబోయింది. ముఖం చిన్నబోయినప్పుడు అది అచ్చం వాళ్ళ నాన్నలాగే ఉంటుంది.

వాళ్ళ నాన్న, అంటే మా ఉపేందరన్న, నాకంటే మూడేళ్ళు పెద్ద. వరంగల్ బజార్లో మా బాపుకు తాళ్ళ దుకాణం ఉండేది. ముందు గదిలో నులక, నవారు, సుతిలి ఉండలు, గోనె సంచులు, వెనక రెండు గదుల్లో మేం. ఎండాకాలం దుకాణం నిండా మార్కెట్‌కు పోయే మిరప బస్తాల ఘాటు, బండ్లు పోయినంతసేపూ ఇల్లంతా తుమ్ములు. వానాకాలం చెమ్మ పట్టిన గోనె వాసన, తాడు కట్టల మీద ముడుచుకుని పడుకునే పిల్లి. బతుకమ్మ రోజుల్లో ఆ తాళ్ళ పక్కనే కుప్పపోసిన తంగేడు, గునుగు పూలు, అమ్మ వేయించిన నువ్వులు దంచి సత్తు చేస్తుంటే రోలు చుట్టూ తిరిగే మా చేతులు, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు. బాపు ఎండయినా వానయినా తెల్ల బనీనుతో, చెవి మీద పెన్సిల్‌తో, తాడును మూరలతో కొలుస్తూ పెదవులు కదిపేవాడు. అట్లా పెదవులు కదుపుతూ లెక్కించడం నాకు ఆయన నుంచే అబ్బింది.

దసరా దాటి నేల ఆరగానే ఊరి చివర మిల్లు వెనక మైదానంలో నుమాయిష్ పడేది. పెద్ద రంగులరాట్నం, ఊగే పడవ, గుర్రాల రాట్నం, గుండ్రటి బావి గోడల మీద మోటారు సైకిల్ నడిపే మౌత్ కా కువా, డీజిల్ ఇంజన్ పొగ, పెనం మీద పేలే మక్క గింజలు, కాలే బెల్లం, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. వాటి యజమానిని అందరూ రాట్నాల సేటు అనేవాళ్ళు. గుంజలు కట్టే తాడు ఆయన మా దుకాణంలోనే తీసుకునేవాడు. ఆ తాడే మా పిల్లలకు మొదటి ఆధారం.

ఎందుకంటే నుమాయిష్ లేచిపోయిన మర్నాటి నుంచి, మళ్ళీ ఏడాది ఏం కొత్తది వస్తుందన్నదే మా ముచ్చట. నేనూ, అన్నా, ఎదురింటి రాధా, ముగ్గురమే. సేటు కిందటేడు ఎనిమిది కట్టల తాడు తీసుకున్నాడు, ఈ ఏడు పదకొండు తీసుకున్నాడు, అంటే పెరుగుతున్నది ఏమిటి? లేచిపోయాక మైదానంలో మిగిలిన గుంతలు నేను లెక్కపెట్టేదాన్ని. వాన పడ్డాక ఇంకా సులువు, గుంతలన్నీ నీళ్ళు నిండి మెరిసేవి. గోడ నుంచి గోడకు అడుగులు వేసి, రాట్నానికి ఇంత, పడవకు ఇంత పోతే ఇంకా ఎంత జాగా మిగులుతుందో లెక్కల పుస్తకం వెనక పేజీలో గీసేదాన్ని. రాధకు గుంతలతో పని లేదు. "సర్కస్ వస్తది. నాకు తెలుసు" అనేది.

"ఎట్ల తెలుసే?"

"తెలుసు అంతే. నీ తీర్గ మన్నుల దేవులాడాల్నా?"

అన్న మాత్రం ప్రతి ఏడూ ఒకటే మాట అనేవాడు. "రైలు వస్తది."

పోలియో వచ్చి అన్న ఎడమకాలు సన్నబడింది, చేతికర్ర పట్టుకుని నడిచేవాడు. రాట్నం ఊయల కిందికి వచ్చి ఆగేది రెప్పపాటు. ఆ లోపల ఎగిరి ఎక్కి కూర్చోవాలి. ఒక ఏడు బాపు ఎత్తి కూర్చోబెట్టబోతే, తిప్పే మనిషి చేయి అడ్డం పెట్టి, "కాలు తక్లీఫ్ ఉన్నోళ్లను ఎక్కియ్యం సాబ్, పడితే నా మీదికొస్తది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పడవ దగ్గరా అంతే, గుర్రాల దగ్గరా అంతే. మేం పైన తిరుగుతుంటే అన్న మా చెప్పులు పక్కన పెట్టుకుని మక్కల బండి దగ్గర కూర్చుని, నా ఊయల పైకి వెళ్ళినప్పుడల్లా కర్ర ఎత్తి చూపేవాడు. హైదరాబాద్ నుమాయిష్‌లో పిల్లల రైలు ఉంటుందని మా మేనమామ ఒకసారి చెప్పాడు. నేలకు ఆనుకుని పోతుందట, ఎక్కేవరకు ఆగుతుందట. అప్పటి నుంచి అన్నకు రైలే. ఆ రైలు కోసమే నేను ఏటా మైదానం కొలిచేదాన్ని, ఏటా జాగా చాలేది కాదు. ఆ మాట అన్నకు సూటిగా చెప్పకుండా, "ఇంకొంచెం తక్కువున్నదన్నా" అనేదాన్ని.

నాకు పదేళ్ళు నిండిన వేసవిలో జరిగిన సంగతి ఇది. మైదానం కాపలా మల్లయ్య తాతది. భార్యతో, ఇద్దరు బిడ్డలతో మిల్లు గోడకు ఆనించిన రేకుల కింద ఉండేవాడు. మేం ముగ్గురం వెళ్ళేసరికి ఆయన గోడ నీడలో నిలబడి తనలో తను నవ్వుకుంటున్నాడు. మమ్మల్ని చూసి చేతిలో ఉన్న బెల్లం ముక్క మూడు భాగాలు చేసి ఇచ్చాడు.

"పట్టాలు వస్తానయ్ బిడ్డా. ఈ జాగల్నే. పెద్దసార్లు వచ్చి కొల్చుకపోయిండ్రు."

అన్న కర్ర మీద బరువేసి ముందుకు వంగాడు. "నిజంగనా తాతా? ఎప్పుడు?"

"దసరా లోపలనే అన్నరు. ఎన్నేండ్ల సంది జూస్తానం బిడ్డా."

"మేం గూడ తాతా" అన్నాడు అన్న.

తాత కళ్ళు తుడుచుకున్నాడు. అన్న కూడా తుడుచుకున్నాడు. ఇంత పెద్దాయనకు కూడా రైలంటే ఇంత ఇష్టమా అని రాధ ఇంటిదాకా ఆశ్చర్యపోతూనే ఉంది.

మర్నాడు నేను ఒక్కదాన్నే వెళ్ళి చూశాను. మైదానం పొడుగునా సున్నంతో రెండు తెల్లగీతలు, ఒకదాని పక్కన ఒకటి, చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగాయి. పట్టాలే, సందేహం లేదు అనుకున్నాను. తరువాత ఊరుకోలేక గీతకూ గీతకూ మధ్య అడుగులు వేశాను. పన్నెండు వచ్చాయి. మళ్ళీ వేశాను, పన్నెండే. మా వరంగల్ స్టేషన్‌లో నిజం రైలు పట్టాల మధ్య కూడా అంత ఎడం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఇంటికి వచ్చి అన్నతో, "గీతలు గూడ గీసిండ్రన్నా. రైలే. పక్కా" అన్నాను. పుస్తకం వెనక పేజీలో ఆ పన్నెండు రాయలేదు. నా బతుకులో నేను కావాలని దాచిన మొదటి అంకె అదే.

ఆ మరుసటి రోజే అన్న ఎక్కడం మొదలుపెట్టాడు. దుకాణం వెనక గోనె సంచుల కట్టలు రెండు ఒకదాని మీద ఒకటి పేర్చి అది మెట్టు అన్నాడు, పైన బాపు ఖాళీ చెక్కపెట్టె పెట్టించి అది డబ్బా అన్నాడు. కర్ర లోపలికి వేయాలి, రెండు చేతులూ పెట్టె అంచు పట్టాలి, కుడికాలు ముందు పెట్టి, నడుము తిప్పి, ఎడమకాలిని చేత్తో లోపలికి తీసుకోవాలి. రైలు ఎంతసేపు ఆగుతుందో తెలియదు కాబట్టి నేను పక్కన నిలబడి అంకెలు చదివేదాన్ని. మొదటి రోజు అరవై నాలుగు దాకా చదివాను. మిరప బస్తాల రోజులు పోయి వానలు పడ్డాయి, అంకె నలభై అయింది. మోచేతులు గీరుకుపోయేవి. అమ్మ పసుపు రాస్తూ, "ఏం జేస్తానవురా, దొంగతనం నేర్చుకుంటానవా?" అనేది. బతుకమ్మ పూలు వచ్చేసరికి ఇరవై ఒకటి. ఒక్కో అంకె తగ్గినప్పుడల్లా అన్న నవ్వేవాడు, నేను మాత్రం ఆ పన్నెండును తలుచుకుని మళ్ళీ ఒకటి నుంచి చదివేదాన్ని.

దసరా అయిన నాలుగో రోజు పొద్దున సేటు దుకాణానికి వచ్చాడు. అన్న బాపు పక్కనే పీట మీద ఉన్నాడు, నేను సుతిలి ఉండలు పేరుస్తున్నాను.

"ఈసారి ఎన్ని కట్టలు సేటూ?" అన్నాడు బాపు.

"ఏం కట్టలు సాబ్, మిల్లు మైదానం పాయె గదా. ఇండ్లు లేనోళ్లకు పట్టాలిచ్చిండ్రు. రోడ్లకు సున్నం గూడ పోసిండ్రు, సూళ్లేదా?"

పట్టా అంటే ఇంటి జాగా రాసిచ్చే కాగితమని బాపు మాకు గాల్లో చేత్తో రాసి చూపిస్తూ నవ్వి, "మావోళ్లు రైలు పట్టాలనుకున్నరు" అన్నాడు. సేటు కూడా నవ్వాడు. తరువాత అన్న కర్రను చూసి నవ్వు ఆపి, "రైలు నా కాడ ఉన్నది బేటా. మీ మైదానం చిన్నగున్నదని తేలేదు" అన్నాడు. ఆ మాట నాకు సగమే వినిపించింది. నేను అప్పటికే వెనక గదిలోకి వెళ్ళి గోనెల మీద బోర్లా పడ్డాను.

కాసేపటికి కర్ర చప్పుడు వచ్చి నా పక్కన ఆగింది. లేవకుండానే చెప్పేశాను. "గీతల నడుమ పన్నెండు అడుగులున్నయన్నా. నేను అప్పుడే కొల్చిన. నీకు చెప్పలే."

"నా కర్రతోని ఐదున్నర" అన్నాడు అన్న.

తలెత్తి చూశాను.

"నీ ఎనకనే పోయి కొల్చిన. రైలు కాదని నాకు గూడ తెలుసు."

"మరి గింత కష్టపడి ఎందుకు ఎక్కినవు?"

"ఎక్కుడు ఒస్తే ఎక్కడనన్న ఎక్కచ్చు గదనే. నువ్వేమో పక్కా అంటివి. నువ్వు లెక్కలు చదువుతాంటే మంచిగనిపిచ్చింది." కర్రతో నా మడమ తట్టి, "నర్సంపేటల రైలు గూడ వేస్తాండట సేటు. బాపును ఒప్పిస్తవా, ఏడ్సుకుంట కూసుంటవా?" అన్నాడు.

బాపును ఒప్పించే పని పెద్దగా పడలేదు. సేటుకు తాడు ఎట్లాగూ నర్సంపేటకే కావాలి. వారం తరువాత ఒక మధ్యాహ్నం తాడు కట్టలతో పాటు బాపును, మమ్మల్ని లారీలో ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా పత్తి చేన్లు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి, కోసిన వరి వాసన వస్తున్నది. అన్న వేళ్ళతో తన మోకాలు మీద తాళం వేస్తున్నాడు.

రైలు ఆకుపచ్చది, ఆరు డబ్బాలు. మెట్టు ఎత్తు మా గోనె కట్టల్లో ఒకటికి సమానం. రెండు కట్టల ఎత్తు నేర్చుకున్న మనిషికి అదేం లెక్క. నడిపే మనిషి సాయం పట్టబోతే అన్న, "జర ఆగు భాయ్" అని కర్ర లోపలికి వేసి, అంచు పట్టి, కుడికాలు పెట్టి, నడుము తిప్పాడు. అలవాటుగా నా నోటివెంట అంకెలు వస్తూనే ఉన్నాయి. తొమ్మిది దగ్గర కూర్చున్నాడు. ఈసారి చెప్పులు నేను పట్టుకున్నాను. రైలు గంట కొట్టుకుంటూ మూడు చుట్లు తిరిగింది. ప్రతి చుట్టులోనూ నా ముందుకు రాగానే అన్న కర్ర ఎత్తి చూపాడు. బాపు అటు తిరిగి తాడు ముళ్ళు సరిగా ఉన్నాయో లేదో చాలాసేపు చూశాడు.

ఆ మైదానంలో ఇప్పుడు అరవై రెండు ఇండ్లున్నాయి. పెండ్లి టెంట్లు వేయడానికి నేను ఆ కాలనీకి వెళ్తూనే ఉంటాను. అప్పటి నా పన్నెండు అడుగుల రోడ్డు ఇప్పుడు ఎనిమిది అడుగులకే అయిపోతుంది. మల్లయ్య తాత లేడు. ఆయన మనుమరాలు నన్ను చూస్తే చాయ్ తాగందే పోనివ్వదు. గుంతల్లో నిలిచే నీళ్ళు లేవు, డీజిల్ పొగలో కలిసే బెల్లం వాసన లేదు, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదవడం లేదు. సేటు రాట్నాలు ఏ ఊళ్ళో తుప్పు పట్టాయో తెలియదు. జాగా ఎంతుందో చూడాలంటే ఎవరూ మట్టిలో నడవనక్కర్లేదు, ఫోటో పైనుంచే వస్తుంది. బాపు దుకాణంలో ఇప్పుడు అన్న కూర్చుంటాడు, అమ్మేది ఎక్కువగా ప్లాస్టిక్ తాడే.

పోయిన చలికాలం హనుమకొండలో నుమాయిష్ పడితే అందులో రైలు కూడా ఉందని విని, అన్నను పిలుచుకుపోదామని దుకాణానికి వెళ్ళాను. పెద్దవాళ్ళను కూడా ఎక్కిస్తున్నారట, నేను అడిగి వచ్చాను.

అన్న చేతిలో తాడు మూర మూరకూ జారుతూనే ఉంది, పెదవులు కదులుతూనే ఉన్నాయి. లెక్క పూర్తయ్యాక తలెత్తి, "నేను ఎక్కిన గదనే సుజా" అన్నాడు.